లాక్‌డౌన్‌లో మా ఇప్ప చెట్టు కింద పెట్టిన మంట



పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. ఇది రాద్దామని చాలాసార్లు అనుకుని ఆగిపోయాం. ఇందులో మా తప్పు ఒకటి ఉంది. అది చెప్పకుండా మిగతాది రాస్తే సగం అబద్ధం అవుతుంది. "మేము" అంటే అన్నదమ్ములం ఇద్దరం, మా చిన్నాన్న కూతురు. ముగ్గురం భద్రాచలం ఏజెన్సీలో ఒకే గూడెం వాళ్ళం, కోయలం. ముగ్గురం హాస్టళ్ళలోనే చదువుకున్నాం.

ఇప్పుడెందుకు రాస్తున్నాం అంటే, మొన్న మా చెల్లి క్లాసులో అడవి మంటల మీద పాఠం జరిగింది. సార్ ఒక మాట అన్నారట. "2020లో లాక్‌డౌన్ పెట్టారు, జనం అడవిలోకి పోలేదు, మంటలు తగ్గిపోయాయి. అంటే కారణం ఎవరో తేలిపోయింది కదా. ఎండాకాలం మూడు నెలలు గిరిజనుల్ని అడవిలోకి రానివ్వకపోతే చాలు." క్లాసులో ఆదివాసీ పిల్ల ఆమె ఒక్కతే. అందరూ వెనక్కి తిరిగి చూశారట. ఆమె ఏం మాట్లాడలేదు. భయపడి కాదు. ఆ ఏప్రిల్‌లో మా కొండ మీద లేచిన మంట ఎవరు పెట్టారో ఆమెకు తెలుసు కాబట్టి.

ఆ మంట పెట్టింది మేమే.

2020 మార్చిలో హాస్టళ్ళు మూసేశారు, పెట్టెలు పట్టుకుని ఊరొచ్చేశాం. పది రోజులు తిరక్కుండానే లాక్‌డౌన్. మా గూడేనికి వచ్చే బాటకి ఊరివాళ్ళే అడ్డంగా దుంగలు పడేశారు, బయటివాళ్ళు రాకుండా. మీలో చాలామంది ఊళ్ళల్లో కూడా ఇదే చేసి ఉంటారు. కింద రోడ్డు మీద చెక్‌పోస్టు. బయటికొస్తే కొడతారని ఒకటే పుకారు. మా ఊరి కుర్రోళ్ళు నలుగురు కట్టెలకని పోతే ఆపి, సగం రోజు ఎండలో కూసోబెట్టి పంపించారు. ఆ తర్వాత ఎవరూ పగలు అడవి దారి పట్టలేదు.

కానీ అది ఇప్ప పువ్వు రాలే కాలం. మా తాత ఒకటే గొణుగుడు. "పువ్వు మొదలైందంటే ఆగదురా. మనం తేకపోతే ఎలుగులు తింటయ్, పందులు తింటయ్. వానాకాలం మనం ఏం తింటం?" సంత బంద్, కూలి బంద్. ఇంట్లో పైసలు రావడానికి మిగిలిన దారి పువ్వు, దాని తర్వాత తునికాకు. అంతే.

పువ్వు ఏరడం గురించి తెలియని తమ్ముళ్ళు కూడా ఈ గ్రూపులో ఉన్నారు, పట్నంలో పుట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళ కోసం చెప్తున్నాం. ఇప్ప పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకు మందంగా ఉంటే పువ్వు అందులో దూరిపోతుంది, కనపడదు. అందుకని పువ్వు మొదలయ్యే ముందే ఆకు ఊడ్చి, చెట్టు మొదలుకి దూరంగా కుప్ప పోసి, మంచు తడి ఉన్నప్పుడే కాలుస్తారు. ఆడవాళ్ళు చీపురు పట్టుకుని ఊడుస్తుంటే పిల్లలం పచ్చి కొమ్మ పట్టుకుని చుట్టూ నిలబడేవాళ్ళం. నిప్పురవ్వ పక్కకి పోతే కొట్టి ఆర్పడం మా పని. బూడిద చల్లారేదాకా అక్కడి నుంచి కదిలితే అమ్మమ్మ ఊరుకునేది కాదు. సాయంత్రం పూట ఎవరూ అంటించరు. అంటిస్తే తిట్లే.

అందరూ ఇంత శ్రద్ధగా చేస్తారని మేం చెప్పం. బద్ధకస్తులు ప్రతి ఊళ్ళో ఉంటారు. ఊడవకుండా అగ్గిపుల్ల గీసి పడేసి ఇంటికొచ్చేవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. తునికి చిగురు బాగా వస్తుందని కాల్చేవాళ్ళూ ఉన్నారు. ఇది మనలో మనం ఒప్పుకోవాల్సిందే. కానీ మామూలు ఏడాదిలో అలాంటివాడి మంట ఎంతసేపో బతకదు. ఎందుకంటే ఆ గట్టు పొడుగునా చెట్టుకో ఇల్లు చొప్పున మనుషులుంటారు. పొగ లేస్తే ఒకరు కేకేస్తారు, ఆ కేక విని పక్క చెట్టు కింద వాళ్ళు కేకేస్తారు, పావుగంటలో పదిమంది కొమ్మలు పట్టుకుని అక్కడుంటారు. తిట్టుకుంటూనే ఆర్పుతారు. పక్కన ఉన్నది వాళ్ళ చెట్టే కదా.

2020లో ఆ గట్టు మీద మనుషుల్లేరు. పోయిన నాలుగైదు ఇళ్ళ వాళ్ళం కూడా దొంగల్లాగా పోయాం.

ఏప్రిల్ మొదటి వారం. అమ్మా, మేమిద్దరం, చెల్లి రాత్రి మూడింటికి బయల్దేరాం. టార్చి కూడా వెయ్యలేదు. మార్చిలో ఎవరూ పోలేదు కాబట్టి చెట్టు కింద ఆకు మోకాలి కింద దాకా పేరుకుని ఉంది. ఊడ్చే టైమ్ లేదు, తెల్లారేసరికి ఇంట్లో ఉండాలి. దొరికిన కాడికి ఏరి, "ఆకు అంటించేసి పోదాం, రేపటికి నేల శుభ్రంగా ఉంటది" అనుకున్నాం. ఎవరన్నారు ఆ మాట అని ఇప్పటికీ మాలో మాకు గొడవే. అగ్గిపెట్టె మాత్రం పెద్దోడి జేబులోది. అంటించాం. మంట ఇంకా చెట్టు చుట్టూనే ఉంది, కింద బండ్ల బాట మీద మోటార్ సైకిల్ చప్పుడైంది. పోలీసులనుకున్నామో, ఇంకెవరనుకున్నామో. అమ్మ "లెగండి లెగండి" అంది. పరుగు. పువ్వున్న బుట్ట ఒకటి అక్కడే పడిపోయింది. మంట ఆర్పలేదు.

పదింటికి గాలి లేచింది. మంట గట్టెక్కి వెదురు పొదల్లోకి పోయింది. వెదురు కాలితే గణుపులు పేలతాయి. ఆ చప్పుడు ఊళ్ళోకి టపాసుల్లాగా వినపడుతోంది. ఊరంతా దుంగల దగ్గర నిలబడి చూస్తున్నారు. పోదామా వద్దా అని తర్జనభర్జన. పోతే "ఎందుకొచ్చారు, మీరే పెట్టారు" అంటారని భయం. కట్టెలకి పోయినందుకే ఎండలో కూసోబెట్టిన వాళ్ళు, మంట దగ్గర దొరికితే ఊరుకుంటారా అని. మూడింటికి గానీ మగవాళ్ళు కదల్లేదు. మేమూ పోయాం, ఏమీ తెలియనట్టు. పైన గీత తీసి, ఎదురు మంట పెట్టి, కొమ్మలతో కొట్టి, మొత్తం ఆరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది.

మా మేనమామ వాళ్ళ పెద్ద ఇప్ప చెట్టు పోయింది. లోపల తొర్ర ఉండేది. నిప్పు అందులో దూరి పొగగొట్టంలాగా మండి మూడో రోజు పడిపోయింది. నాలుగిళ్ళు పంచుకునే చెట్టు అది. తునికి పొదలు కాలిపోయి ఆ మేలో ఆ పక్క ఆకే లేదు. ఏభై ఆకుల కట్ట లెక్కన ఎన్ని కట్టలు పోయాయో కల్లం దగ్గర ఆడవాళ్ళు లెక్కలేసి తిట్టారు. ఎవర్ని తిడుతున్నారో వాళ్ళకి తెలియదు. మేం వింటూ కూర్చున్నాం.

అసలు సంగతి ఇంకోటుంది. పక్క గూడెంలో మేకలు కాసే కుర్రాడు ఒకడు ఆ ఉదయం కొండ దిగుతూ కనపడ్డాడు. కనపడింది వాడొక్కడే. మంట వాడి మీద పెట్టారు. జరిమానా కట్టించుకున్నారు, చేతిలో ఉన్న గొడ్డలి తీసుకున్నారు. మేం నోరు విప్పలేదు. ఒప్పుకుంటే ఆ రాత్రి బయటికొచ్చామని కూడా ఒప్పుకోవాలి. మళ్ళీ కాలేజీ తెరిస్తే పేరు మీద కేసు ఉంటే ఎట్లా, స్కాలర్‌షిప్ పోతే ఎట్లా అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం.

తర్వాత మాలో ఒకరు డిగ్రీలో జియోగ్రఫీ తీసుకున్నారు. అప్పుడు ఈ లెక్కలు చూశాం. సార్ చెప్పిన అంకె అబద్ధం కాదు. దేశంలో అడవి మంటల్ని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో లెక్కపెడుతుంది, నవంబర్ నుంచి జూన్ దాకా ఒక సీజన్ కింద. 2018-19లో 2,10,286. లాక్‌డౌన్ వచ్చిన 2019-20లో 1,24,473. చాలా తగ్గింది, నిజమే. కానీ పాఠం అక్కడితో ఆపేస్తే ఎట్లా? ఆ తర్వాతి సీజన్ 2020-21లో 3,45,989. దాదాపు మూడింతలు. ఒడిశాలో సిమిలిపాల్ రోజుల తరబడి మండింది ఆ ఏడాదే.

ఇక తగ్గిన ఏడాది సంగతి. 2019 వానాకాలం సగటు కన్నా పది శాతం ఎక్కువ కురిసింది, అక్టోబర్ దాకా మేఘం వెనక్కి పోలేదు. 2020 మార్చిలో కూడా దేశంలో చాలాచోట్ల వానలు పడ్డాయి. తడిసిన అడవి ఎవరు అంటించినా సరిగా అంటుకోదు. మనుషులు ఆగినందుకు ఎంత తగ్గింది, వాన వల్ల ఎంత తగ్గింది అని విడదీయకుండా మొత్తం మన నెత్తిన వేస్తే అది లెక్క కాదు. మనుషులు ఆగితే కొన్ని నిప్పులు తగ్గుతాయని మేమూ ఒప్పుకుంటాం. కానీ కాలని ఆకు, కోయని గడ్డి, ఏరని కట్టె ఎక్కడికి పోతాయి? అక్కడే ఉంటాయి, తర్వాతి ఎండాకాలానికి.

ఉపగ్రహం గురించి కూడా ఒక మాట. ఈ లెక్కకి వాడే పరికరం ఒక చుక్క అంటే దాదాపు 375 మీటర్ల గడి. అది మన మీదుగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక అదే టైముకి ఒకసారి పోతుంది. మా అమ్మమ్మ తెల్లవారుజామున ఊడ్చి కాల్చి, ఏడింటికల్లా ఆర్పేసిన కుప్ప దానికి కనపడే అవకాశం తక్కువ. మేం భయపడి వదిలేసి వచ్చిన మంట మాత్రం మధ్యాహ్నానికి గట్టంతా ఉంది. లెక్కలోకి ఎక్కేది అదీ.

వేరే దేశాల్లో కూడా లాక్‌డౌన్‌కీ మంటలకీ లింకు చూశారు. నేపాల్‌లో మంటలు తగ్గాయన్నారు. కొలంబియాలో పెరిగాయన్నారు, కాపలా తిరిగేవాళ్ళు లేరు కాబట్టి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో ఇంకో చిత్రం. అక్కడ పెద్ద మంటలు రాకుండా ముందే కావాలని చిన్న మంటలు పెడతారు, ప్రభుత్వమే పెడుతుంది. 2020లో సిబ్బంది బయటికి రాలేక ఆ పని ఆగింది, మంటల సంఖ్య తగ్గింది. తగ్గిందని వాళ్ళు సంబరపడలేదు. కాలకుండా మిగిలిన ఆకూ గడ్డీ ముందుముందు ఏం చేస్తుందోనని ఆలోచనలో పడ్డారు. అదే పని మా అమ్మమ్మ చీపురుతో చేస్తే నేరం. (కోపం వచ్చి రాశాం, ఉండనివ్వండి.)

లాక్‌డౌన్ రెండు నెలల ముచ్చట. మనకి దారులు మూయడం అంతకు ముందు నుంచీ ఉంది. కుమావూ కొండల సంగతి ఈ గ్రూపులో కొందరికి తెలిసే ఉంటుంది, ఇప్పటి ఉత్తరాఖండ్. 1911 నుంచి 1917 మధ్య బ్రిటిష్ వాళ్ళు అక్కడి అడవుల్ని రిజర్వ్ చేసి జనాన్ని రానివ్వలేదు, మేతకీ కట్టెకీ ఆంక్షలు పెట్టారు. 1921 ఎండాకాలంలో కొండలు తగలబడ్డాయి. చాలావరకు జనం కావాలని పెట్టినవి. వాళ్ళు కాల్చింది ఎక్కువగా చీర్ పైన్ అడవుల్ని, సర్కారుకి కలపా బంకా ఇచ్చేవి. మేతకీ ఎరువుకీ పనికొచ్చే ఓక్ లాంటి ఆకు చెట్ల అడవుల్ని చాలావరకు వదిలేశారు. చరిత్రకారుడు రామచంద్ర గుహ దీని మీద వివరంగా రాశారు. ఆర్పడానికి రమ్మంటే జనం రాలేదు. చివరికి సర్కారు కమిటీ వేసి ఆంక్షలు సడలించాల్సొచ్చింది. 1931లో వన పంచాయతీలు అనే పద్ధతి తెచ్చి కొన్ని అడవుల్ని ఊళ్ళకి అప్పజెప్పారు.

మా ఊరివాళ్ళు కోపంతో కాల్చలేదు, అది వేరు. కానీ దుంగల దగ్గర నిలబడి చూశారే, ఆ ఐదు గంటలు, అది చదివినప్పుడు మాకు గుర్తొచ్చింది.

ఇంకో కథ కర్ణాటకలో, చామరాజనగర్ జిల్లా బిళిగిరి రంగన కొండల్లో. అక్కడ సోలిగలు ఉంటారు. చలికాలం చివర్లో, ఆకు రాలిన కొత్తలో చిన్న మంటలు పెట్టేవాళ్ళు. తరగు బెంకి అంటారు, అంటే ఎండుటాకు మంట. నేల మీద పాకి పోయేది, చెట్టెక్కేది కాదు. 1974లో దాన్ని అభయారణ్యం చేశాక ఆ మంటలు నిషేధం. ఆ తర్వాత ఏళ్ళలో లాంటానా కంప అడవంతా కమ్మేసింది. ఇప్పుడు నిప్పంటుకుంటే ఆ కంప మీదుగా పైకెక్కి పెద్ద చెట్లని కాలుస్తోందని సోలిగ పెద్దలు చెప్తారు. ఉసిరి చెట్లని పట్టే బదనిక కూడా పెరిగిందంటారు. లాంటానా పెరగడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయని పరిశోధకులు అంటారు, అదీ సబబే. కానీ ఆ పెద్దల మాట కొట్టిపారేసేది కాదని ఇప్పుడు వాళ్ళే రాస్తున్నారు. 2011లో అక్కడి గ్రామసభలకి సామూహిక అటవీ హక్కులు వచ్చాయి, అదీ పులుల రిజర్వ్ లోపల. మన నల్లమలలో చెంచు అన్నలు బేస్ క్యాంపుల్లో కాపలా పని చేస్తున్నారు. మంట వస్తే ముందు వాళ్ళనే పిలుస్తారు. అంటే దారి ఎవరికి తెలుసో అందరికీ తెలుసు.

చట్టం కూడా చదివాం. 1927 అటవీ చట్టం తమాషాగా ఉంటుంది. రిజర్వ్ అడవిలో నిప్పు పెట్టారని తేలితే అక్కడి మేత హక్కు, ఫలసాయం హక్కు సర్కారు ఆపేయొచ్చు అంటుంది. అదే చట్టం ఇంకోచోట, హక్కులున్నవాళ్ళూ అడవి పక్క ఊరివాళ్ళూ మంట ఆర్పడానికి రావాల్సిందే అంటుంది. మన రెండు రాష్ట్రాలకి 1967 నాటి వేరే చట్టం ఉంది కానీ ధోరణి అదే. 2006 అటవీ హక్కుల చట్టం ఒక్కటే మాట మార్చింది. సామూహిక అడవిని కాపాడుకోవడం, నిర్వహించుకోవడం మన హక్కు అని రాసింది. మా గూడెంలో పోడు పట్టాల కోసం అందరూ తిరిగారు, ఈ సామూహిక హక్కు ఫారం మాత్రం ఎవరూ నింపలేదు. మేం కూడా నింపలేదు, చదువుకున్నవాళ్ళం అయ్యుండి.

లాక్‌డౌన్ సంగతే ఇంకొకటి. ఏప్రిల్ మధ్యలో కేంద్రం అటవీ ఫలసాయం ఏరుకోవడానికి మినహాయింపు ఇచ్చింది. మే 1న ఎండు ఇప్ప పువ్వు మద్దతు ధర కిలో 17 రూపాయల నుంచి 30కి పెంచింది. మంచి పనే. మాకు ఆ సంగతులు తెలిసేసరికి పువ్వు అయిపోయింది. మినహాయింపు పది రోజుల ముందు వచ్చి, ఎవరైనా మా ఊరికి చెప్పి ఉంటే, ఆ రాత్రి మేం టార్చి వేసుకుని, చీపురు పట్టుకుని పోయేవాళ్ళమేమో. ఇది సాకు కాదు. అగ్గిపుల్ల మాదే.

2022లో, కాలేజీలు మామూలుగా నడవడం మొదలయ్యాక, ముందు తాతకి చెప్పాం. తాత కొట్టలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. ఊరి పెద్ద దగ్గర కూర్చుని మాట్లాడారు. మేనమామ వాళ్ళకీ, ఆ చెట్టు పంచుకునే మిగతా ఇళ్ళకీ ఏటా మా పువ్వులోంచి ఇంటికి రెండు కుంచాలు ఇవ్వాలని తీర్మానం. ఇస్తున్నాం. తర్వాత ముగ్గురం కలిసి పక్క గూడెం పోయాం, ఆ కుర్రాడి దగ్గరికి. జరిమానా డబ్బులు తీసుకెళ్ళాం. వాడు మేకల్ని దొడ్లోకి తోలుతున్నాడు. చెప్పాం. వాడు కాసేపు మేకల వైపే చూసి, "తెలుసన్నా. మీ బుట్ట నేనే తెచ్చి మీ గోడ పక్కన పెట్టిన" అన్నాడు.

ఆ బుట్ట ఎవరు తెచ్చారో మాకు రెండేళ్ళు తెలియదు. అమ్మ మేనమామ తెచ్చాడనుకుంది.

"మరి ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాం. "చెప్తే మీ చదువు పోద్ది. నేనెట్లా బడి మానేసిన కదా" అన్నాడు. డబ్బులు తీసుకున్నాడు. గొడ్డలి మాత్రం అడిగాడు. అది వాళ్ళ నాన్న చేయించింది. అది మేం తేలేకపోయాం.

రెండేళ్ళ నుంచి మా గట్టు మీద ఒక పని మొదలైంది. పువ్వు రాకముందే ఒక రోజు పెట్టుకుని రెండు గూడేల వాళ్ళం అన్ని చెట్ల కింద ఒకేసారి ఊడుస్తున్నాం. కొన్ని చెట్ల కింద పాత చీరలు, ఆకుపచ్చ వల పరుస్తున్నారు, అక్కడ కాల్చే పనే లేదు. వల ఖరీదు కాబట్టి అన్నిటికీ చాలడం లేదు. కాల్చాల్సిన చోట తెల్లవారుజామునే, అందరూ ఉన్నప్పుడే. ఆ రోజు ఫలానా అని ముందే బీట్ అతనికి చెప్తున్నాం. మొదటి ఏడాది నమ్మలేదు, పోయినేడు వచ్చి నిలబడ్డాడు. మంటలు పూర్తిగా ఆగాయా అంటే లేదు. పోయినేడు అవతలి వాలు మీద ఒకటి లేచింది, ఎవరు పెట్టారో తెలియదు. కానీ కేక అందింది. గంటలోపు ఆర్పేశారు.

సామూహిక హక్కు ఫారం ఈసారి సెలవుల్లో నింపుదామని కూర్చున్నాం. మ్యాపు గీయడం దగ్గర ఆగిపోయాం. గట్టు అవతల వాలు మాదా, పక్క గూడెం వాళ్ళదా అని పెద్దవాళ్ళ మధ్య మాట తేలలేదు. మీ ఊళ్ళో ఎవరైనా ఈ ఫారం నింపి ఉంటే ఎట్లా చేశారో చెప్పండి. ఈసారి ఊడ్చే రోజు మార్చి రెండో వారం అనుకుంటున్నారు. చెల్లికి అప్పుడు పరీక్షలు. మేమిద్దరం పోతాం.